ఆ బటన్ ఒత్తుకోలేదు

ఎవరికన్న చెప్పాలె, చెప్పాలె అనుకోవట్టి ఏండ్లయింది. నా బిడ్డ కడుపుల ఉన్నప్పుడు మొదలైన బరువు ఇది. ఇప్పుడు ఆ పిల్ల బడికి పోతున్నది, బరువు మాత్రం దిగలేదు. దేవుని ముందర కూసోని చెప్పుకుందామంటే నోరు రాలే. మా ఆయనకు చెప్పబోయి, కూరల ఉప్పెక్కువైందా అని అడిగి లేచిపోయిన. మీరెవరో నాకు తెల్వదు. నేనెవరో మీకు తెల్వదు. అందుకే మీకు చెప్తున్న. నడుమల ఎక్కడన్న నేను ఆగితే ఏదో దాస్తున్నదని అనుకోన్రి. చానమటుకు అదే నిజమైతది.

నేను వెబ్‌సైట్లను పరీక్ష చేసే పని చేస్త. టెస్టింగ్ అంటరు. అందులో నాది చేతితోని చేసేది కాదు, మనిషి చేసే పనిని ప్రోగ్రాంతోని చేయించేది. మౌస్ బాణం ఎక్కడికి జరగాలె, ఎక్కడ ఒత్తాలె, కీబోర్డు మీద ఏ అక్షరం పడాలె, అన్నీ ముందుగాలే రాసిపెడ్త. నడిపిస్తే బ్రౌజర్ దానంతటదే తెరుసుకుంటది. ఎవరూ ముట్టకుండనే పేర్లు పడ్తయి, బటన్లు ఒత్తుకుంటయి. మా అమ్మ ఒకసారి చూసి, "ఏందే, దీనికేమన్న పట్టిందా" అన్నది. అంతా సక్కగ నడిస్తే చివరికి పచ్చరంగు వస్తది. ఎక్కడన్న తప్పితే ఎర్రరంగు. ఆ పచ్చను నమ్మి పైవాళ్లు ఆ వెబ్‌సైట్‌ను జనంలకు ఇడుస్తరు.

నాది నర్మెట్ట దిక్కు. పత్తి చేన్లల్ల పెరిగిన. చదువు అయిపోయినంక హైదరాబాద్ పోయే ధైర్యం లేకుండె, ఇంట్లోళ్లకు పంపే మనసు గూడ లేకుండె. అప్పుడే జనగామల, స్టేషన్‌కు పోయే తొవ్వల, ఒక మందుల దుకాణం మీద చిన్న ఆఫీసు తెరిచిన్రు. హైదరాబాద్ కంపెనీదే, మా అసొంటోళ్ల కోసం పెట్టిన బ్రాంచి. ఇంటికి దగ్గర కొలువు. పెండ్లయినంక గూడ ఇడువకుండ చేసుకోగలిగిన కొలువు. అది పోతే ఇంకోటి దొరకదని నాకు రోజూ గుబులే.

కవిత నా తర్వాత చేరింది. ఆమెది గార్ల అవతల ఒక తండా. ఇంట్ల వాళ్ల భాష వేరే, తెలుగు బళ్లె నేర్చుకున్నది. మాట్లాడేముందు జర ఆగి, మాటను లోపల ఒకసారి చూసుకోని బయటికి తీసేది. ఆమె చేతితోని పరీక్ష చేసేది. నా ప్రోగ్రాం ఒకటి, ఆమె వేళ్లు ఒకటి. రెండూ ఒకే మాట చెప్తేనే పని అయినట్టు. నన్ను అక్కా అని పిలిచేది. నాకు వేవిళ్లప్పుడు తన డబ్బాల చింతకాయ తొక్కు తెచ్చి నా పక్కకు పెట్టేది.

ఆ ఏడు మాకు ఒక పని వచ్చింది. కిడ్నీలు పాడైనోళ్లకు రక్తం శుభ్రం చేసే డయాలసిస్ సెంటర్లు ఉంటయి గదా. ఒకాయనకు జనగామల, మహబూబాబాద్‌ల, భూపాలపల్లిల అసొంటి సెంటర్లు ఉండె. అంతకుముందు ఫోన్ చేసి అడిగి పోయెటోళ్లు. ఇగ ఫోన్‌లనే వెబ్‌సైట్ తెరిచి, ఏ రోజు, ఏ పూట, ఏ కుర్చీ అని పట్టుకోవచ్చు. చివరి పేజీల కుర్చీ మీద ఒత్తితే దాని రంగు మారుతది. కింద ఫోన్ నంబర్ కొట్టాలె. ఆఖరికి "ఖాయం చెయ్యి" అనే బటన్ ఒత్తాలె. అది ఒత్తితేనే కుర్చీ వాళ్లది. ఒత్తకపోతే ఇంకొకరు పట్టుకుంటరు.

జనంలకు ఇడిచే రోజు, పగటిపూట అన్నం తినకముందు, నా ప్రోగ్రాం ఆ చివరి బటన్ దగ్గర ఎర్రయింది. చిన్న ఫోన్ తెర కొలతల పెట్టి నడిపిన. మౌస్ బాణం బటన్ మీదికి పోయింది. ఒత్తబోయింది. కాలేదు. మీరు ఒత్తబోయే జాగల ఇంకేదో అడ్డం ఉన్నదని సందేశం వచ్చింది.

మా పనిల గిట్ల చాన అయితది. పేజీ ఇంక తెరుసుకోకముందే బాణం ఉరుకుతది. జర ఆగమని రాస్తే సరైతది. ఆగమని రాసిన. ఎర్రనే. ఇంకింత ఆగమన్న. ఎర్రనే. శ్రీధర్ సార్, మా పెద్ద, రెండుసార్లు నా కుర్చీ ఎన్కకు వచ్చి నిలబడ్డడు. సాయంత్రానికి పంపాలె. నన్ను పర్మినెంట్ చేసే కాయితం ఆయన బల్ల మీదనే ఉన్నది, ఇంక సంతకం కాలే.

ఒత్తనీకి రెండు తీర్లు ఉంటయి. ఒకటి, మనిషి తీరుగ బాణాన్ని ఆ జాగకు నడిపిచ్చి ఒత్తుడు. ఏదన్న అడ్డం ఉంటే అది ఆగిపోతది, మనిషి వేలు ఆగినట్టే. రెండోది, బాణం లేకుండ, వేలు లేకుండ, పేజీ లోపలికెల్లి బటన్‌కే నేరుగ చెప్పుడు, నువ్వు ఒత్తుకున్నవ్ అని. దానికి ఏదీ అడ్డం రాదు. పైన బండ పెట్టినా ఒత్తుకుంటది. మేం దాన్ని వాడొద్దు. ఎందుకంటే జనంలకు వేళ్లే ఉంటయి.

నేను రెండో తీరు రాసిన. ఒక్క వరుస. పచ్చ వచ్చింది.

ప్రోగ్రాందే ఏదో తిరకాసు, వెబ్‌సైట్‌ది కాదు, రేపు తీరిగ్గ చూద్దాం అనుకున్న. ఇన్నేండ్లు నాకు నేను ఇదే చెప్పుకున్న.

ఇక్కడ ఒక మాట దాచిన. చెప్పాలె.

ఆ వరుస రాయకముందు నేను నా చేతితోని ఒత్తి చూసిన. బ్రౌజర్‌ను చిన్నగ చేసి, కుర్చీ పట్టి, నంబర్ కొట్టి, నా సొంత మౌస్‌తోని ఒత్తిన. ఒత్తుకోలేదు. బటన్ సక్కగ కనవడుతనే ఉన్నది. పాత రిపోర్టులు తెచ్చుకోన్రి అని ఒక సూచన పట్టీ ఉండె కింద. నంబర్ కొట్టంగనే అది మీదికి జరిగి, కంటికి కనవడని దాని అంచు బటన్ మీద పరుసుకున్నది. వేలు బటన్ మీద పెట్టినమనుకుంటం గని ఒత్తేది ఆ అంచును. నాకు అర్థమయింది. పూర్తిగ అర్థమయింది. అయినా రాసిన. చెప్తే ఇయ్యాల ఇడువరు, సార్ కోపానికొస్తడు, సంతకం ఎనుకకు పోతది, నేను ప్రసవానికి పోయే లోపల కాకపోతే ఇగ కానే కాదు అని లెక్కేసుకున్న. ఎవరన్న పట్టుకుంటరు లే అనుకున్న. ఎవరు పట్టుకుంటరు? పట్టుకునే కొలువు నాదే గదా?

కవిత పట్టుకున్నది.

ఆమె తన సొంత ఫోన్‌ల చూసి, చివరి బటన్ ఒత్తుకుంటలేదని రాసింది. సార్ మా ఇద్దరిని పిలిచిండు. ఆ గది, ఆ తిరుగుతున్న ఫ్యాన్, ఆయన ముందర చల్లారిన చాయ, ఇప్పుడు గూడ కండ్లు మూస్తే కనవడ్తది.

"నువ్వు ఒత్తుకుంటలేదంటవు. ఆమెదాంట్ల పచ్చ వచ్చింది. నేను ఏది నమ్మాలె?" అన్నడు కవితతోని.

కవిత జర ఆగింది. "నంబర్ కొట్టినంక ఒత్తుకుంటలేదు సార్. నేను మల్ల మల్ల చూసిన. మీరు గూడ ఒత్తి చూడున్రి."

ఆయన తన ఫోన్ తీసి చూసిండు. ఆయనది పెద్ద తెర. పట్టీ దూరంగ ఉండిపోయింది. బటన్ ఒత్తుకున్నది. నా దిక్కు తిరిగిండు. "నీకేమన్న తేడా కనవడ్డదా?"

"లేదు సార్. మంచిగనే ఒత్తుకుంటున్నది. ఆమె ఫోన్ తెర పలిగింది గదా, దానికి వేలు తెలుస్తలేదేమో."

కవిత తన ఫోన్‌ను తిప్పి చూసుకున్నది. మూలకు ఒక సన్నగీత ఉండె, అంతే. తర్వాత నా మొఖం దిక్కు చూసింది. కోపంగ కాదు. నిజంగనే అడుగుతున్నట్టు.

"గట్లనా అక్కా?"

"గట్లనే ఉంటది చెల్లె."

అంతే. ఆమె తలూపింది. సార్ ఆమెతోనే ఆ ఫిర్యాదు మూసేయించిండు. ఫోన్‌ల అంతా మంచిగున్నదని ఆమె పేరు మీదనే రాయించిండు.

ఇంకొకటి గూడ చెప్పాలె. ఇది ఇంక ఎక్కువ సిగ్గు. ఆ గదిల నా మాట నిలబడ్తది, ఆమె మాట నిలబడదు అని నాకు ముందే ఎరుక. హైదరాబాద్ వాళ్లు ఫోన్‌ల నా యాసకు ముసిముసి నవ్వుకునేటోళ్లు. అది నాకు కుట్టేది. కని మా ఆఫీసుల తండా పిల్ల ఆగి ఆగి మాట్లాడితే, ఆమెకు తెల్వక ఆగుతున్నదని అందరూ అనుకునేటోళ్లు. ఆమె చూసుకోని మాట్లాడుతదని నాకొక్కదానికే తెలుసు. ఆ తెలిసినదాన్ని నేను వాడుకున్న. ఇంకొకళ్ల ఫోన్ అయితే పలిగిందని అనేదాన్నా? నన్ను నేను చానసార్లు అడిగిన. అనేదాన్ని కాదు.

సాయంత్రం వెబ్‌సైట్ ఇడిచిన్రు. సార్ మిఠాయి తెప్పిచ్చిండు. కవిత తన ముక్క గూడ నాకే పెట్టింది, ఇద్దరి మందం తినాలె అక్కా అని. తిన్న.

పెద్ద తెరల ఫోన్లు ఉన్నోళ్లకు ఇబ్బంది కాలేదు. చిన్న ఫోన్లు ఉన్నోళ్లు కుర్చీ రంగు మారంగనే పని అయిపోయిందనుకున్నరు. కొందరు బటన్ ఒత్తి ఒత్తి, అయ్యిందేమో అనుకోని ఊకున్నరు. పొద్దుగాలనే బస్సు ఎక్కి సెంటర్‌కు పోతే మీ పేరు లేదన్నరు. జనగామల, మహబూబాబాద్‌ల ఎట్లనో ఒక కుర్చీ సర్దిన్రు. భూపాలపల్లిల మిషన్లు తక్కువ.

రేగొండకెల్లి ఒకాయన అక్కడికి పోయేటోడు. పేరు రాయను. ఆయన బిడ్డ తోలుకపోయేది. ఆ రోజు కుర్చీ లేదన్నరు, రేపు రమ్మన్నరు. ఇంటికి మర్లిపోయిన్రు. తెల్లారేసరికి ఆయనకు ఊపిరి అందలే. వరంగల్ తీసుకపోతుంటే తొవ్వలనే పోయిండు.

ఇది నాకెట్ల తెలుసంటే, ఆ బిడ్డ సెంటర్ వాళ్లకు ఫోన్ చేసి మాట్లాడింది. ఆ మాటలు రికార్డ్ అయినయి. తప్పు ఎక్కడుందో చూడమని సార్ ఆ రికార్డును నాకే ఇచ్చిండు. చెవుల పెట్టుకోని విన్న. ఆమె ఏడుస్తలేదు. కొట్లాడుతలేదు. "మేం ఒత్తినం అన్నా. బాపు గూడ ఒత్తిండు. కుర్చీ రంగు మారింది. మారితే అయినట్టే గదా అన్నా? ఇంకేం ఒత్తాల్నో జర చెప్పున్రి" అని అడుగుతున్నది. మనిషి పోయినంక గూడ ఎట్ల ఒత్తాల్నో అడుగుతున్నది. తనదే తప్పేమో తెలుసుకుందామని.

నా కడుపుల పిల్ల తన్నింది. ఇది కథ కోసం చెప్తలేను. తన్నింది.

ఆ పట్టీని సరిచేసుడు అల్కగ అయిపోయింది. తప్పు దొరికినంక, దీన్ని ఎవరు చూసి మంచిగున్నదన్నరు అని పైకెల్లి అడిగిన్రు. అప్పుడు నేను రెండో తప్పు చేసిన. నా ప్రోగ్రాంల ఆ దొంగ వరుస తీసేసి, పాత తీరుగ బాణం పోయి ఒత్తేటట్టు రాసిపెట్టిన. వెబ్‌సైట్ అప్పటికే సరైంది కాబట్టి పచ్చనే వచ్చింది. నీదాంట్ల ఎందుకు దొరకలేదని సార్ అడిగిండు. ప్రోగ్రాం నడిచేది కంప్యూటర్ మీద, నిజం ఫోన్ మీద కాదు సార్, ఫోన్ చూసేది చేతితోని చేసేటోళ్లు అన్న. మాట అబద్ధం కాదు. అబద్ధం కాని మాటతోని ఎంత పెద్ద అబద్ధం ఆడొచ్చునో ఆ రోజు తెలుసుకున్న.

ఫోన్‌ల మంచిగున్నదని రాసింది కవిత పేరు మీద ఉన్నది. ఆమెను తీసేసిన్రు.

ఆమె ఎవరినీ ఏమనలే. తను ముందే చెప్పిన సంగతి గూడ గట్టిగ చెప్పుకోలే. సార్ గూడ ఆ మాట తియ్యలే, తీస్తే ఆయన మెడకు చుట్టుకుంటది. నేనొక్కదాన్ని నోరు తెరిస్తే అయిపోయేది. సంచి సర్దుకుంటుంటే పక్కకు పోయి నిలబడ్డ. బిడ్డ పుడితే ఫోన్ చెయ్ అక్కా అన్నది. బిడ్డ పుట్టింది. ఫోన్ చెయ్యలే.

తర్వాత నేను పర్మినెంట్ అయిన. కొలువుల పెద్దదాన్నయిన. కొత్తగ వచ్చే పిల్లలకు నేర్పిస్త, మౌస్ ఎట్ల జరపాలె, కీబోర్డు ఎట్ల కొట్టాలె, అడ్డం వస్తే ఎందుకు వచ్చిందో లేచి చూడాలె గని లోపలికెల్లి ఒత్తొద్దు అని. ఇంటికొచ్చి పిల్లకు అన్నం తినిపిస్తుంటే ఆ రేగొండ బిడ్డ గొంతు వినవడ్తది, ఇంకేం ఒత్తాల్నో చెప్పున్రి అని. చెయ్యి ఆగిపోతది. పిల్ల నోరు తెరుసుకోని చూస్తుంటది.

ఆయన గుండె ముందునుంచే బలహీనమని డాక్టర్లు అన్నరంట. ఆ మాటను పట్టుకోని ఎన్ని దినాలు బతికిన్నో. ఆ రోజు కుర్చీ దొరికితే బతికెటోడా? ఇంకెన్ని దినాలు? తెల్వదు. ఎవరూ చెప్పలేరు. శిక్ష పడితే ఒకనాటికి అయిపోతదేమో. ఇది అయిపోదు, ఎంతని తెల్వదు గనుక.

పోయినేడు మహబూబాబాద్‌ల చుట్టాల పెండ్లికి పోయిన. చీర తీసుకుందామని బజార్ల దుకాణానికి పోతే గల్లా ఎన్కకెల్లి చీరలు మోసుకోని కవిత వచ్చింది. నన్ను చూసి మొఖమంతా నవ్వింది. బిడ్డ బాగున్నదా అక్కా, బడికి పోతున్నదా అని అడిగింది. నేను ఏదో అనాలెనని, టెస్టింగ్ పనికి మల్ల ఎందుకు పోలే కవితా అన్న.

చీర మడత పెట్టుకుంట, మెల్లగ చెప్పింది. "నా చేతి మీద నాకు నమ్మకం పాయె అక్కా. నువ్వు చెప్పినవు గద, నా ఫోన్ కరాబున్నదని. నేను గట్టిగ ఇంకో ఫోన్‌ల చూసి ఉంటే అయిపోయేది. మంచిగున్నదని రాసింది నేనే గదా. ఆ రేగొండాయన నా మూలంగనే పాయె."

నా అబద్ధాన్ని ఆమె నాకంటే ఎక్కువ నమ్మింది. దాని మీదనే ఇన్నేండ్లు బతికింది. కొలువు పోయినందుకు కాదు ఆమె కుములుతున్నది, మనిషిని చంపిన అని. నేను చేసింది ఆమె మోస్తున్నది. అక్కడనే చెప్పాలె. ఎవరైనా చెప్తరు. నేను ఆ చీరనే కట్టియ్యమని చెప్పి, తీసుకోని బయటపడ్డ. ఇంత పిరికిదాన్నా అని ఎండల నిలబడి నన్ను నేను అడుక్కున్న. ఆ చీర పెట్టె అడుగుకు ఉన్నది. మడత ఇప్పలే.

పోయిన నెల మల్ల పోయిన. ఇంట్ల ఆఫీస్ పని అని చెప్పి, రైలెక్కి ఒక్కదాన్నే పోయిన. ఆమెను దుకాణం బయటికి పిలిచి, మెట్ల మీద నిలబెట్టి, అంతా చెప్పిన. మీకు చెప్పినంత సక్కగ చెప్పలే. తలకిందులుగ చెప్పిన.

అంతా అయినంక ఎప్పటితీరుగనే జర ఆగి, "అంటే ఒత్తుకోలేదు" అన్నది.

"ఒత్తుకోలేదు."

"నీకెరుకేనా?"

"ఎరుకే. నేను గూడ ఒత్తి చూసిన."

ఆమె తన కుడిచెయ్యిని ఎడమచేతితోని పట్టుకోని చూసుకున్నది. నేను కాళ్ల మీద పడదామనుకున్న. వంగబోతే ఎనుకకు జరిగింది.

"రేగొండ ఆమెకు చెప్పినవా?"

"లేదు."

"ఆమె గూడ ఇట్లనే అనుకుంటుండొచ్చు, సక్కగ ఒత్తలేదేమో అని" అన్నది. లోపలికెల్లి ఎవరో పిలిచిన్రు. పోయింది. అక్కా అనలే. ఎనుకకు తిరిగి చూడలే. నేను బయట నిలబడ్డ, వస్తదేమో అని. రాలే. ఎందుకొస్తది?

ఆ రోజునుంచి ఫోన్ చేస్తే ఎత్తుతలేదు. అది ఆమె హక్కు. ఆఫీసుల శ్రీధర్ సార్‌కు గూడ చెప్పిన. ఇప్పుడెందుకమ్మా అవన్నీ అని తలుపు దగ్గరికేసిండు. రేగొండ నుంచి మాట్లాడిన గొంతు నా చెవులనే ఉన్నది, ఆమె ఇల్లు ఎక్కడనో తెలుసుకున్న. భూపాలపల్లి బస్సు ఎక్కనీకి రెండుసార్లు పోయి, బస్సును చూసి మర్లొచ్చిన. మల్ల పోత అని మీకు మాట ఇయ్యను. నా మాట ఎసొంటిదో మీరు ఇప్పుడే విన్నరు.

కని ఆమె దాక ఈ రాత పోతదేమో అని ఒక ఆశ. అందుకని ఇక్కడ రాస్తున్న. అమ్మా, మీరు సక్కగనే ఒత్తిన్రు. మీ బాపు సక్కగనే ఒత్తిండు. ఆ బటన్ ఒత్తుకోదని నాకు తెలుసు, తెలిసి ఒత్తుకుంటదని చెప్పిన. కవిత ఫోన్ మంచిగనే ఉండె.

రాసిన. ఊపిరి జర ఆడుతున్నది. అట్ల ఆడుతున్నదని రాయనీకి గూడ సిగ్గయితున్నది. ఆయన పోయింది ఊపిరి ఆడకనే.